బొచ్చు కుక్కను పెంచేవాళ్లంతా షోకు మనుషులేనా?

మీ ప్రశ్న చదివాను తల్లీ. విజయనగరం బాలాజీ నగర్‌లో అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు, ఐదు నెలల షిట్జు జాతి బొచ్చు కుక్కపిల్ల, పేరు బన్నీ. సాయంత్రం కిందికి తీసుకెళితే "ఏటమ్మా ఇది, కుక్కా ఎలకా?" అని ఒకరు. "పిల్లల్ని ఎత్తుకోవలసిన వయసులో కుక్కని ఎత్తుకు తిరుగుతోంది" అని ఇంకొకరు. జర్మన్ షెపర్డ్‌ను పెంచే మీ బావగారైతే "అది కుక్క కాదు, సోఫా మీద దిండు" అనేశారు. ఇంతలో మొన్న ఆదివారం బన్నీ మీ ఒళ్లో ఉండగా పక్కింటి ఆరేళ్ల పాప తల నిమరబోతే గుర్రుమంది, వేలు కొరికింది. కాస్త రక్తం వచ్చింది, పసుపు అద్దారు. "చిన్న జాతి కుక్కల్ని పెంచేవాళ్లకి బాధ్యత ఉండదని అందరూ అనేది నిజమేనా? నేనేం తప్పు చేశాను?" అని అడిగారు.

ముందు పాప సంగతి చూద్దాం. రక్తం వచ్చిందన్నారు కాబట్టి అది చిన్న గాటు అనుకోకండి. కుక్క కరిచిన వెంటనే సబ్బు రాసి, కుళాయి కింద ధారగా పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కాఫీపొడి లాంటివి ఏవీ పెట్టకూడదు. ఇప్పటికైనా మళ్లీ కడిగి, ఈ రోజే పాపను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. కుక్కకాటు టీకా అక్కడ ఉచితం. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు అంటూ డోసులు ఉంటాయి, ఒక్కటి కూడా తప్పకూడదు. రక్తం వచ్చిన గాటుకు టీకాతోపాటు గాయం దగ్గర ఇంకో ఇంజెక్షన్ కూడా అవసరం, అది డాక్టరు చూసుకుంటారు. బన్నీ టీకాల పుస్తకం వెంట పట్టుకెళ్లండి. "మా కుక్కకి టీకా వేయించాం కదా, పాపకెందుకు" అని మాత్రం అనకండి. బన్నీని పది రోజులు గమనించాలి, నిజమే. అయితే ఆ పది రోజులు అయ్యాక చూద్దామని పాప టీకాను ఆపకూడదు. రేబిస్ లక్షణాలు ఒకసారి కనబడ్డాక మందు పని చేయదు. ఆటో మీరే మాట్లాడండి, ఖర్చు మీరే పెట్టండి, ప్రతి డోసుకూ మీరే గుర్తు చేయండి. పక్కింటివాళ్లు "పర్లేదు లెండి" అన్నా సరే.

ఇది చేశాక మిగతాది చదవండి.

నేను ఈ జిల్లాలో 31 ఏళ్లు పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యాను. బొబ్బిలి వైపు కొన్నాళ్లు, గజపతినగరం వైపు కొన్నాళ్లు, ఆఖరి ఎనిమిదేళ్లు టౌన్లో. మీరు చెప్పిన ఆ "అందరూ" ఉన్నారే, వాళ్లలో నేనూ ఒకణ్ణే, చాలాకాలం. రాత్రంతా ఏ రైతు శాలలోనో గేదె ఈనలేక అవస్థ పడుతుంటే భుజం దాకా చెయ్యి పెట్టి దూడను తిప్పి, తెల్లారి ఆసుపత్రికి వచ్చేసరికి, రిబ్బను కట్టిన పొమేరియన్‌ను ఒళ్లో పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉండేది. "డాక్టరుగారూ, మా స్వీటీ రాత్రి నుంచి డల్‌గా ఉందండీ." లోపల నవ్వొచ్చేది. మా కాంపౌండరు వాటికి "ఏసీ కేసులు" అని పేరు పెట్టాడు. నేను కాదనలేదు.

ఆ నవ్వు పోగొట్టింది తోటపాలెం నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరమ్మ. ఒంటరి మనిషి. కూరల బుట్టలో తువ్వాలు పరిచి, తొమ్మిదేళ్ల తెల్ల కుక్కను ఆటోలో తెచ్చారు. పొమేరియన్ అనేవారు కానీ అది ఇండియన్ స్పిట్జ్. మన దగ్గర పొమేరియన్ అని పిలిచేవాటిలో ఎక్కువ భాగం అవే. అసలు పొమేరియన్ మూడు కిలోలకు పెద్దగా మించదు. నేను అలవాటు కొద్దీ "ఏం పెట్టారమ్మా, కేకులా?" అన్నాను. ఆవిడ ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి వంద పేజీల రూళ్ల నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టారు. టీచరు దస్తూరి, ఎర్ర సిరాతో మార్జిన్లు. "జనవరి 3: ఎదకు వచ్చింది. ఫిబ్రవరి 11: ఆరు కిలోల 200. నీళ్లు ఎక్కువ తాగుతోంది. 14: గిన్నె మూడుసార్లు నింపాను. 16: తిండి సగం వదిలేసింది. వెనక చెమ్మ, వాసన."

ఆ నాలుగు వాక్యాలు చదివాక నాకు కుక్కను ముట్టుకోకముందే సంగతి తెలిసిపోయింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు, అందులోనూ వయసు మళ్లినవాటికి, ఎద అయిన నెల, రెండు నెలల్లో గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది. మొదటి గుర్తు నీళ్లు విపరీతంగా తాగడం. చాలామంది అది ఎండ వల్ల అనుకుంటారు. కుక్క కూలబడ్డాక తెస్తారు, అప్పటికి చెయ్యగలిగేది తక్కువ. ఆవిడ లెక్క రాసుకున్నారు కాబట్టి టైముకి తెచ్చారు. ఆపరేషన్ అయ్యాక ఆ స్పిట్జ్ ఇంకో ఐదేళ్లు బతికింది, నోటుబుక్కులు కూడా మారాయి.

అదే నెలలో ఒకాయన రాట్‌వీలర్‌ను తెచ్చాడు. ఇనుప గొలుసు మెడలోకి దిగిపోయింది, పుండులో పురుగులు. "వయసెంతండీ?" అంటే "నాలుగో ఐదో ఉంటాయండి" అన్నాడు. టీకా వేయించిందీ లేనిదీ గుర్తు లేదు. ఆ మనిషిని ఆయన వీధిలో ఎవరూ షోకు మనిషి అని ఉండరు. పెద్ద కుక్క కదా, మొనగాడు అనుకుని ఉంటారు. టీచరమ్మకు మాత్రం "ఎవరూ లేక కుక్కతో కాలక్షేపం చేస్తోంది" అనే మాట పడింది. ఆవిడే చెప్పారు, నవ్వుతూనే.

చిన్న కుక్కల వాళ్లంటే డబ్బున్న ఆడవాళ్లు అనే బొమ్మ మనకు సినిమాల్లోంచి దిగింది. బంగళా, మెట్లు, సిల్కు చీర, ఒళ్లో బొచ్చు కుక్క. నా దగ్గరకు వచ్చినవాళ్లలో నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడున్నాడు, కొత్తవలస లారీ డ్రైవరున్నాడు. ఆ డ్రైవరు కుక్క క్యాబిన్‌లో గేరు రాడ్ పక్కన పడుకుని రాయపూర్ దాకా వెళ్లొచ్చేది. ఎక్కువమంది చిన్న కుక్కను ఎంచుకున్నది షోకు కోసం కాదు. ఇల్లు చిన్నది, తిండి ఖర్చు తక్కువ, అరవయ్యేళ్ల మనిషి కూడా పట్టుకోగలరు. పిల్లల గురించి అన్న మాట ఉంది చూశారూ, దానికి నేను జవాబు చెప్పను. అది కుక్క గురించి అన్న మాట కాదు.

అయితే జనం మాటలో అసలు నిజమే లేదంటే నేను అబద్ధం చెప్పినట్టు. 2003లో హచ్ ఫోన్ల ప్రకటన వచ్చింది, పిల్లాడి వెంట పగ్ నడుస్తుంది. ఇప్పటికీ మన ఊళ్లో దాన్ని "హచ్ కుక్క" అనే అంటారు. ఆ ప్రకటన చూసి ముచ్చటపడి కొన్నవాళ్లలో, నొక్కేసినట్టుండే ఆ ముక్కుతో అది మన మే నెలను ఎలా తట్టుకుంటుందని అడిగినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది ముఖ్యంగా రొప్పడంతోనే. ముక్కు, గొంతు ఇరుకైతే ఆ రొప్పడమే సరిగా సాగదు. నాలుక నీలం తిరిగాక మధ్యాహ్నం రెండింటికి తెచ్చేవారు. షోకు అనే మాట ఎక్కడైనా సరిపోతుందంటే అక్కడ సరిపోతుంది. మీ షిట్జు ముక్కు కూడా పొట్టిదే, అది గుర్తుంచుకోండి.

రెండో నిజం మీ ఒళ్లో జరిగిన దానికి సంబంధించింది. 2010లో వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు కుక్కల్ని పెంచేవాళ్లను వెయ్యికి పైగా మందిని అడిగి ఒక పరిశోధన చేశారు. చిన్న కుక్కలు మాట తక్కువ వింటాయి, తొందరగా రెచ్చిపోతాయి, ఎక్కువ మీదపడతాయి అని తేలింది. అంతవరకు జనం అనేదే. దాంతోపాటు ఇంకోటి కూడా తేలింది. చిన్న కుక్కల యజమానులు నేర్పడం తక్కువ, ఆడించడం తక్కువ, ఒకరోజు వద్దన్నది ఇంకో రోజు సరే అనడం ఎక్కువ. మరి పెద్ద కుక్కల వాళ్లు మంచివాళ్లనా? కాదు. ముప్పై కిలోల కుక్క మీదికి దూకితే మనిషి పడిపోతాడు కాబట్టి వాళ్లకు నేర్పక తప్పదు. నాలుగు కిలోలది దూకితే "అబ్బ, ఎంత ముద్దొస్తోందో" అంటాం. కుక్కను ముద్దు చేస్తే మూతి నాకిందని సామెత. ముద్దు చేయడంలో తప్పు లేదు, కానీ అదొక్కటే చేసి ఊరుకుంటున్నాం.

బన్నీ ఎందుకు కొరికిందో నేను చూడలేదు కానీ, ఇలాంటివి వందలు చూశాను. జర్మన్ షెపర్డ్‌ను ఎవరైనా అడక్కుండా చంకన వేసుకుంటారా? బన్నీని లిఫ్టులో ప్రతివాళ్లూ పైనుంచి చెయ్యి దించి ఎత్తేసుకుని ఉంటారు. దానికి ఇష్టం లేకపోతే ముందు మొహం పక్కకు తిప్పుతుంది. తర్వాత మూతి నాక్కుంటుంది, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది, ఒళ్లు బిగబడుతుంది. పెద్ద కుక్క బిగుసుకుంటే మనం ఆగిపోతాం. చిన్నదైతే చూడం. నాలుగుసార్లు నెమ్మదిగా చెప్పి, ఐదోసారి పన్నుతో చెప్తుంది. "మొరిగే కుక్క కరవదు" అన్న సామెతను నమ్మి నేను కూడా రెండుసార్లు కరిపించుకున్నాను. రెండూ ఐదు కిలోల లోపువే.

కాబట్టి బన్నీ గుర్రుమన్నప్పుడు కొట్టకండి, మూతి మీద వెయ్యకండి, అరవకండి. గుర్రుమనడం అది ఇచ్చే ముందస్తు నోటీసు. దాన్ని భయపెట్టి మాన్పిస్తే నోటీసు లేకుండానే కరుస్తుంది. ఆ వియన్నా వాళ్లు కూడా శిక్ష ఎక్కువైనకొద్దీ మీదపడటం ఎక్కువగానే ఉంటుందని, చిన్న కుక్కల్లో దానికి బెదురు కూడా తోడవుతుందని గమనించారు. అలాగని గట్టిగా హత్తుకుని "ఏం కాదు బంగారం" అనకండి. కదలకుండా పట్టుకుంటే దానికి పారిపోయే దారి కూడా పోతుంది. ఏమీ మాట్లాడకుండా నెమ్మదిగా కిందికి దించేయండి. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ కుక్కకు దూరంగా వెళ్లే దారి ఉంటుంది.

నేర్పడం ఇలా. పాపతో ఇప్పుడే వద్దు, ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లతో మొదలుపెట్టండి. మీవారిని తలుపు దగ్గర నిలబెట్టండి. బన్నీ ఆయన్ని చూసి ప్రశాంతంగా ఉన్నంత దూరంలోనే ఆపి, ఉడికించిన కోడిముక్క గోరంత పెట్టండి. రేపు ఒక అడుగు దగ్గరికి. బిగుసుకుంటే ఒక అడుగు వెనక్కి. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, అంతకంటే వద్దు. "కూర్చో", "దిగు", "ఆగు" ఈ మూడు మాటలు ఇంట్లో అందరూ ఒకేలా అనాలి. మీరు "దిగు" అంటే మీ అత్తగారు "డౌన్" అంటే దానికేం తెలుస్తుంది? ఎవరైనా ముట్టుకోవాలంటే కింద కూర్చుని చెయ్యి పక్కనుంచి చాపాలి, అది వచ్చి వాసన చూస్తే గదవ కింద నిమరాలి. రాకపోతే వదిలేయాలి. లిఫ్టులో "ముట్టుకోవద్దండీ, నేర్పిస్తున్నాం" అని చెప్పడానికి మొహమాటపడకండి. మొహమాటం వల్లే ఒక పాపకు సూదులు పడుతున్నాయి. పిల్లల్నీ కుక్కనూ ఎవరూ లేకుండా ఒక గదిలో వదలకండి, అది ఎంత బుద్ధిగా ఉండేదైనా. బన్నీ ఆడదో మగదో రాయలేదు మీరు. ఆడదైతే ఆపరేషన్ గురించి మీ డాక్టరుతో ఇప్పుడే మాట్లాడండి, టీచరమ్మ సంగతి చెప్పాను కదా.

దాని కాళ్ల మీద దాన్ని నడవనివ్వండి. ఎత్తుకుని తిప్పితే అది నడక కాదు, ఊరేగింపు. వేసవిలో ఆరున్నర లోపు, మళ్లీ పొద్దుగుంకాక. అయ్యకోనేరు గట్టు పొద్దున్నే బాగుంటుంది. బయల్దేరేముందు తారు మీద మీ అరచెయ్యి వెనక వైపు ఆనించి ఐదు సెకన్లు ఉంచండి, మీకు చుర్రుమంటే దానికీ అంతే. మెడకు బెల్టు కట్టి లాగొద్దు, ఈ చిన్న జాతుల్లో గాలిగొట్టం మెత్తన. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొనండి. మీ ఫ్లాట్‌లో గ్రానైటో టైల్సో ఉంటుంది, అది పరిగెత్తి జారి, సోఫా మీంచి దూకి, మోకాలి చిప్ప పక్కకు జారిపోతుంది. నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు ఎత్తి రెండడుగులు గెంతి మళ్లీ మామూలుగా నడిస్తే అదే అనుమానించాలి. సోఫా ముందు పాత గోనెపట్టా పరిస్తే సగం బాధ తప్పుతుంది. ఎక్స్‌రేలూ పెద్ద పరీక్షలూ కావాల్సి వస్తే మన జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

తిండి విషయంలో ఒక్క లెక్క చెప్తాను. ఐదు కిలోల కుక్క అర కిలో పెరిగిందంటే, అరవై కిలోల మనిషి ఆరు కిలోలు పెరిగినట్టు. "ఒక్క బిస్కెట్టే కదా" అనేవాళ్లకు ఇది చెప్పండి. పెరుగన్నం ఒక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు, గుడ్డో కోడిమాంసమో డాక్టరు చెప్పిన కుక్కల మేతో ఉండాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ ముట్టనివ్వకూడదు. సత్యనారాయణ వ్రతం ప్రసాదంలో కిస్‌మిస్ ఉంటుంది, చుట్టాలు ప్రేమగా పెడతారు, ఆ రోజు కాపలా కాయండి. జ్వరమొచ్చిందని మనం వేసుకునే 650 పారాసిటమాల్ మాత్ర ఐదు కిలోల కుక్కకు విషం. పశువులకు కొట్టే గోమార్ల మందు మీ ఊరివాళ్లెవరో ఇస్తే దీనికి పూయకండి. ఒంటి బరువు చూసి డాక్టరు ఇచ్చేదే వాడండి. పళ్లు కూడా చూడండి. పెద్ద కుక్కకు ఉండే 42 పళ్లే ఈ చిన్న దవడలోనూ ఇరుక్కుని మొలవాలి. ఐదు నెలలు కదా, పాలపళ్లు ఊడకుండానే పక్కన కొత్తవి వస్తున్నాయేమో పెదవి ఎత్తి చూడండి. మెత్తని బ్రష్‌తో తోమడం ఇప్పుడే అలవాటు చేస్తే చేయించుకుంటుంది. మనుషుల పేస్టు వద్దు.

చట్టం సంగతి క్లుప్తంగా. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017 నిబంధనలు చెప్తున్నాయి, అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ స్నేహితులెవరైనా బుట్టలో పెట్టి అమ్మే ముప్పై అయిదు రోజుల పిల్లను తెద్దామంటే వద్దనండి. తల్లిని చూపించమంటే తప్పించుకునే మనిషి దగ్గర కొనకండి. కుక్క వల్ల మనుషుల ప్రాణానికో, తీవ్ర గాయానికో ప్రమాదం ఉండే అవకాశం ఉన్నా, తెలిసిగానీ నిర్లక్ష్యంగా గానీ జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291 ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. అందులో కుక్క ఎన్ని కిలోలన్న ప్రస్తావన లేదు. అపార్ట్‌మెంటులో గొడవలు ఎక్కువగా వచ్చేది కాటు వల్ల కాదు, మెట్ల మీద దొడ్డికి కూర్చోవడం వల్ల. పాత పేపరు, కవరు జేబులో పెట్టుకుని, ఎత్తి డస్ట్‌బిన్‌లో వేస్తూ నాలుగు రోజులు నలుగురి కంట పడండి. ఎలక అన్నవాళ్ల గొంతు అదే తగ్గుతుంది.

టీచరమ్మలా మీరూ ఒక నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలో మొన్న ఆదివారం ఏం జరిగిందో రాయండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, బన్నీ అంతకుముందు మొహం తిప్పుకుందా, మీరు ఎలా పట్టుకున్నారు. పక్కన పాప టీకా తేదీలు వేయండి. రెండో పేజీలో బన్నీ బరువు. కూరల కొట్టు కాటా అయినా పర్లేదు.

జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం నాడు, పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. ఆ పొద్దు మీ బావగారికి ఫోన్ చేసి, జర్మన్ షెపర్డ్‌కి కిందటేడు టీకా ఏ తారీకున వేయించారో అడగండి. వెంటనే చెప్తే మంచిదే. "మీ అక్కని అడగాలి" అంటే, సోఫా మీద దిండుతోపాటు దాన్నీ ఆటో ఎక్కించుకుని వెళ్లండి.